పటముమీది రంగు, పొరుగువాని హక్కు

హైదరాబాదు చుట్టుప్రక్కల, అవుటర్ రింగు రోడ్డుకు లోపలనో వెలుపలనో, రెండువందల గజముల స్థలము కొనబోవు మధ్యతరగతి గృహస్థు చేయు పరీక్షలు ఇన్నియన్ని కావు. లింకు డాక్యుమెంట్లను ముప్పది యేండ్ల వెనుకకు పోయి వెదకించును; ఈసీ తీయించును; తూర్పుముఖమా, ఉత్తరముఖమా యని వాస్తుపండితుని పిలిపించును; బోరు వేసిన నీరు పడునా యని చుట్టుప్రక్కలవారిని విచారించును. ఇన్ని విచారించిన ఆ మనుష్యుడు, తాను కొనబోవు సర్వే నంబరు మాస్టర్ ప్లానులో ఏ జోనునందున్నదో మాత్రము అడుగడు. ఒకవేళ అడిగినను, "నాలా అయిపోయింది సార్, ఇంక భయం లేదు" అని వెంచరు ఏజెంటు పలికిన మాటతో తృప్తిపడి, అడ్వాన్సు చేతిలో పెట్టి ఇంటికి వచ్చును.

నిజమునకు నాలా యను ఆ అనుమతి వేరు, జోను వేరు. మొదటిది, 2006 నాటి చట్టముతో వచ్చి, సాగుభూమిని వ్యవసాయేతరముగా మార్చుకొనుటకు రెవెన్యూ శాఖ రుసుము గైకొని ఇచ్చునది. ఆ నేల యికమీదట పొలము కాదని అది రెవెన్యూ లెక్కలకు తెలుపును గాని, అచ్చట ఇల్లు కట్టవచ్చునో, గోదాము కట్టవచ్చునో, అసలేమియు కట్టరాదో చెప్పజాలదు. ఆ సంగతి నిర్ణయించునది పట్టణ ప్రణాళిక. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ సిద్ధపరుపగా 2013 జనవరిలో ప్రభుత్వామోదము పొందిన 2031 నాటి అభివృద్ధి ప్రణాళిక, సుమారు 5,965 చదరపు కిలోమీటర్ల భూభాగమును నివాసమునకు కొంత, వాణిజ్యమునకు కొంత, పరిశ్రమలకు కొంత, ఉద్యానములకు, జలాశయములకు, అడవులకు, సాగునేలల సంరక్షణకు మరికొంత చొప్పున పంచి, పటముమీద వేరువేరు రంగులతో గుర్తించినది. కన్జర్వేషన్ (సంరక్షణ) జోనునందు సామాన్యముగా నివాసపు లేఅవుటునకు అనుమతి రాదు. అందుచేతనే అట్టి నేలలు గజముల లెక్కన గాక, 121 గజములకొక గుంట చొప్పున, 'ఫామ్ ప్లాట్లు' అను ముద్దుపేరుతో అమ్ముడగుచున్నవి. కొనినవాడు నాలుగు మామిడిమొక్కలు నాటుకొనవచ్చును. ఇంటికి పర్మిషనుకై పోయినపుడు గాని వానికి పటము జ్ఞప్తికి రాదు.

అయితే ఆ రంగు శాశ్వతము కాదు. భూయజమాని తన నేలను ఒక జోనునుండి మరియొక జోనునకు మార్చుమని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కార్యాలయములందు దీనిని సీఎల్‌యూ అందురు. అధికారులు స్థలమును చూచి నివేదిక వ్రాయుదురు. సంస్థ అభిప్రాయము ప్రభుత్వమునకు చేరును. ముసాయిదా ప్రకటన వెలువడును. అభ్యంతరములకు గడువు (సాధారణముగా పదునైదు దినములు) ఇత్తురు. అటుపిమ్మట నిర్ణీతమైన చార్జీలు కట్టించుకొని తుది జీవో జారీచేయుదురు. ఆ జీవోలలో తరచుగా కనబడు ఒక షరతు కొనుగోలుదారు కంఠస్థము చేయదగినది: ఈ భూవినియోగ మార్పును భూమిపై హక్కునకు రుజువుగా చూపరాదు. అనగా జోను మారినంతమాత్రమున టైటిలు నిష్కళంకమైనదని తలపరాదు, టైటిలు నిష్కళంకమైనంతమాత్రమున జోను అనుకూలమైనదనియు తలపరాదు.

ఈ ప్రక్రియ యంతటను సామాన్యునికి చోటు దొరకునది ఆ ముసాయిదా ప్రకటనయొద్ద మాత్రమే. పత్రికలో ఏదో యొక మూల, సన్నని యక్షరములతో, ఫలానా మండలము ఫలానా గ్రామమందలి ఇన్నవ సర్వే నంబరులో ఇంత విస్తీర్ణము కన్జర్వేషన్ జోనునుండి నివాస జోనునకు మార్పదలచితిమి, ఆక్షేపణలున్న వ్రాసి పంపవలసినది, అని యుండును. దాని దిగువ నాలుగు దిక్కుల హద్దులుండును. చదువరి మొదట చూడవలసినవి ఆ హద్దులే. పడమట నలువదడుగుల రోడ్డున్నదా, లేక 'ప్రతిపాదిత రోడ్డు' అని మాత్రమే యున్నదా? ఉత్తరమున పొరుగు సర్వే నంబరున్నదా, శిఖము (చెరువు గర్భపు) భూమి యున్నదా, కుంట యున్నదా? విస్తీర్ణపు టంకెలు చెప్పని సంగతులు ఈ నాలుగు పంక్తులు చెప్పును. ఎగువనున్న చేను అపార్టుమెంటుగా మారినపుడు వాననీరు ఎటు పోవునో, నాలుగువందల కుటుంబముల కార్లు ఏ సందునుండి బయటపడునో, వాటిలో వ్రాసియే యున్నది. కాని ఆ దినమున ఆ పుటను ఎవరు చదువుదురు? దరఖాస్తుదారుడు చదువును, ఆతని యార్కిటెక్టు చదువును, పొరుగువాడు పునాదులు త్రవ్వు యంత్రపు చప్పుడు విని మేల్కొనును.

అట్లని దరఖాస్తు పెట్టిన ప్రతివానిని లోభియనుట న్యాయము కాదు. మూడు ప్రక్కల కాలనీలు లేచి, కాలువ పూడి, కోతుల బెడదకును కూలీల కొరతకును లోనై, ఎకరము చెలకను మిగుల్చుకొన్న రైతునకు, పటము పచ్చగా నున్నది గనుక నీవు వరియే పండింపుమనుట క్రౌర్యము. వ్యక్తిగతముగా చూచిన ఒక్కొక్క అర్జీయు సమంజసముగానే తోచును. చిక్కంతయు అక్కడనే యున్నది. ఒక్కొక్కటిగా నూరు అర్జీలు మన్నించిన పిమ్మట అసలు ప్రణాళిక ఏ స్థితిలో మిగిలినదో లెక్క చూచువారు లేరు. ప్రతి గ్రామమునందు ఎన్ని ఎకరముల రంగు మారినదో ఏటేట ఒక పటమున ముద్రించి ప్రజలయెదుట పెట్టుట ప్రభుత్వమునకు పెద్ద పని కాదని నా యభిప్రాయము.

హైదరాబాదు జంటజలాశయముల చరిత్ర ఈ విషయమున మంచి నిదర్శనము. 1908 నాటి మూసీ వరదల పిదప నిర్మితములైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల రక్షణకై 1996 మార్చి 8న 111 జీవో వెలువడెను. పూర్ణజలమట్టమునుండి పది కిలోమీటర్ల వరకు, 84 గ్రామములందు, పరిశ్రమలును పెద్ద కట్టడములును నిషిద్ధములయ్యెను. శంషాబాదు మండలమున 12 ఎకరములు కొని ఆముదపు నూనె ఉత్పత్తుల కర్మాగారము పెట్టదలచిన ఒక కంపెనీకి ప్రభుత్వమే మినహాయింపు నొసగగా, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి నిరాకరించెను. తగవు సుప్రీంకోర్టు వరకు పోయెను. త్రాగునీటికి ముప్పు వాటిల్లునపుడు ప్రభుత్వము అట్టి మినహాయింపు నీయరాదని 2000లో తీర్పు వచ్చెను. ఇరువది రెండేండ్లు గడచిన తరువాత, 2022 ఏప్రిల్‌లో, అదే ప్రభుత్వపీఠమునుండి 69 జీవో వెలువడి ఆ యాంక్షలను తొలగించుటకు దారి తీసెను. ఒక కర్మాగారమునకు పనికిరాదన్న సడలింపు ఎనుబదినాలుగు గ్రామములకు ఎట్లు పనికివచ్చెనో యని ఎవరైన అడిగినచో తప్పుపట్టరాదు.

మార్పు ఎల్లప్పుడు యజమాని కోరిక మేరకే వచ్చుననియు అనుకొనరాదు. కామారెడ్డి మునిసిపాలిటీకి సిద్ధపరచిన ముసాయిదా మాస్టర్ ప్లానునందు అడ్లూరు, ఇల్చిపూరు మున్నగు గ్రామముల సాగుభూములు పారిశ్రామిక జోనుగా కనబడినపుడు, రెండు పంటలు పండు నేలకు ఇక కొనువాడుండడని, అప్పునకు కుదువ పెట్టుకొనువాడు సైతము ఉండడని రైతులు తల్లడిల్లిరి. ఆందోళనకాలమున ఒక రైతు ఆత్మహత్య చేసికొనగా 2023 జనవరిలో జనము కలెక్టరు కార్యాలయమును ముట్టడించిరి. ఇది ముసాయిదాయే, అభ్యంతరములకింకను గడువున్నదని అధికారులు పలికిరి. ఆ మాట అబద్ధము కాదు. అయితే పటము గోడకెక్కిన పిదప గాని తన చేను రంగు మారినదని రైతునకు తెలియకపోవుట ఎవరి లోపము? తుదకు జనవరి 20న పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దుచేయ తీర్మానించెను. జగిత్యాలలోను అదే జరిగెను. గ్రామసభ పెట్టి ముందుగనే పటము చూపియున్నచో ఇంత రభస జరిగియుండెడిది కాదు.

కనుక స్థలము కొనువారికిని, కొని స్థిరపడినవారికిని నా మనవి యిది. మీ సర్వే నంబరు వ్రాసి భూవినియోగ ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టుడు. ఏజెంటు మాట దానికి బదులు కాదు. మీ మండలము పేరుతో ముసాయిదా ప్రకటన పడినచో, కాలనీ సంఘముగా కూడి, గడువు ముగియకముందే అభ్యంతరము వ్రాయుడు. అందు ఆగ్రహము కన్న రోడ్డు వెడల్పు, మురుగుకాలువ దారి, చెరువు హద్దు, మంచినీటి సరఫరా వంటి సంగతులు తెలుపుట మేలు. ప్రకటన తేదీని, సర్వే నంబరును తప్పక పేర్కొనుడు. అర్జీ ప్రతిమీద కార్యాలయపు ముద్రయు తేదీయు వేయించుకొనక మాత్రము తిరిగి రావలదు.