ఎర్రచందనం: మొక్క నుంచి చేవ దాకా

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఒక్కచోటే. అది తూర్పు కనుమల దక్షిణ కొస: శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల రాతినేలలు. ఆయుర్వేదంలో దీన్నే రక్తచందనం అంటారు. చెక్కను సాన మీద అరగదీసి వాపులకు పట్టు వేస్తారు. కలప కోసం దొంగచాటుగా నరికివేత పెరగడంతో 1995లో సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో దీన్ని చేర్చారు.

ఇప్పుడు దీన్ని పొలాల్లో పెంచాలన్న ఆసక్తి పెరిగింది. పట్టా భూముల్లో పెంచిన కలప ఎగుమతికి కేంద్రం 2019లో వీలు కల్పించింది. ఈ చెట్టు వ్యాపారం విషయంలో భారత్‌పై ఎన్నో ఏళ్లుగా ఉన్న ప్రత్యేక సమీక్షను సైటిస్ 2023 నవంబరులో ఎత్తివేసింది. ఇక మొక్కలకు గిరాకీ పెరుగుతుంది. మరి మొక్కలు ఎలా వస్తాయి?

కాయను చేతిలోకి తీసుకుంటే నడుమ గట్టి ఉబ్బు, చుట్టూ అప్పడంలా పలచని రెక్క కనిపిస్తాయి. ఉబ్బులో ఒకటి, అరుదుగా రెండు గింజలుంటాయి. చాలా కాయలు తాలుగా పోతాయి. పెంకు గట్టిది కాబట్టి నీరు లోపలికి త్వరగా దిగదు. అందుకే నర్సరీలో రెక్క కత్తిరించి, కాయల్ని నీళ్లలోనో పేడనీళ్లలోనో నానబెట్టి మడిలో వేస్తారు. అప్పుడైనా అన్నీ ఒకేసారి మొలవవు. వారాల తరబడి ఒకటొకటిగా లేస్తాయి.

కొమ్మ కత్తిరింపులు సులువుగా వేరు పట్టవు. అంటు కట్టడం కుదురుతుంది. కణజాల వర్ధనంలో (చిన్న ముక్క నుంచి గాజుసీసాలో మొక్కలు పెంచడం) లేత మొలక ముక్కలు చిగుళ్లు వేస్తాయి కానీ, ముదురు చెట్టు నుంచి తీసినవి నల్లబడి చచ్చిపోతుంటాయి. చిక్కల్లా ఇక్కడే. చెట్టు మంచిదో కాదో ముదిరాకే తెలుస్తుంది, ముదిరాక నకలు తీయడం కష్టం.

మంచిదని తేల్చేది చేవ. విలువంతా ఆ ఎర్రని లోపలి చెక్కలోనే ఉంది, పైనున్న తెల్లచెక్కకు ధర లేదు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. నీరు, ఎరువు పుష్కలంగా పెడితే చెట్టు లావెక్కుతుంది గాని, చేవ అదే వేగంతో పెరుగుతుందన్న హామీ లేదు. రైతుకు మొక్క అమ్మేవారు ఈ మాట ముందే చెప్పాలి.

అడవికి వేరే జాగ్రత్త కావాలి. మేలైన నాలుగు చెట్ల అంట్లే తోటలన్నిటా నాటితే జన్యు వైవిధ్యం (ఒకే జాతిలోని చెట్ల మధ్య తేడాలు) కుంచించుకుపోతుంది. ఒక తెగులు అన్నిటినీ ఒకేలా దెబ్బతీయవచ్చు. అందుకే సంరక్షణ కోసం పెంచే నారుకు వేర్వేరు కొండల్లోని పలు తల్లిచెట్ల నుంచి విత్తనం సేకరించాలి, ఏ మొక్క ఏ కొండదో రాసిపెట్టాలి. పొలాల్లోని ప్రతి చెట్టునూ నమోదు చేయాలి. లేదంటే అడవిలో నరికిన దుంగ తోటదన్న పేరుతో ఓడ ఎక్కేస్తుంది.