అద్దె ఇల్లు, యజమాని పేరిట మీటరు

రమజాను నెలకు వారం రోజులు మిగిలి ఉండగా మేము అనకాపల్లిలోనే ఒక వీధి నుండి మరొక వీధికి ఇల్లు మారాము. దిగిన నాలుగవ రోజు జొహర్ నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి పంకా ఆగి ఉన్నది. ఇరుగుపొరుగు ఇళ్లలో మాత్రం తిరుగుతున్నది. మా చిన్నవాడు గుమ్మంలో నిలబడి, “అబ్బాజాన్, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేశాడు. రెండు నెలల బిల్లు కట్టలేదట” అన్నాడు. మేము ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండు నెలలు కాదు, రెండు జుమాలు కూడా కాలేదు.

బకాయి మాకు ముందున్న కుటుంబానిది. సరఫరా నిలిపివేస్తామని హెచ్చరించిన నోటీసు తరువాత మా ఇంటావిడకు వంటగది అలమరాలో దొరికింది. డబ్బాల కింద పరచిన పాత కాగితాల నడుమ అది కూడా ఒకటై పడి ఉన్నది. లైన్‌మన్‌ను నిందించడానికి ఏమీ లేదు. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 56వ సెక్షను ప్రకారం, బిల్లు చెల్లించనివారికి పూర్తిగా 15 రోజుల గడువుతో వ్రాతపూర్వకంగా తెలియజేసిన మీదట సరఫరా ఆపవచ్చును. అతని జాబితాలో ఉన్నది ఒక సర్వీసు నంబరు, దాని పక్కన యజమాని పేరు. లోపల కాపురం చేస్తున్నది ఎవరన్నది ఆ జాబితాకు అక్కరలేని విషయం.

తప్పు నాది. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు నీళ్ల మోటారు గురించి అడిగాను, మదరసా ఎంత దూరమని అడిగాను, ఖిబ్లా ఎటువైపో కూడా చూసుకున్నాను. చివరి కరెంటు బిల్లు చూపించండని మాత్రం అడగలేదు.

పశ్చిమ దేశాలలో అద్దెకు దిగిన కుటుంబం సాధారణంగా తన పేరిట విద్యుత్ ఖాతా తెరుచుకొంటుంది, వెళ్లేటప్పుడు మూసివేస్తుంది. మన దగ్గర ఆ వాడుక లేదు. సర్వీసు ఇంటిని అంటిపెట్టుకొని యజమాని పేరిటనే ఉంటుంది, కాపురాలు వస్తూ పోతూ ఉంటాయి. పాత బకాయి కూడా ఇంటినే పట్టుకొని ఉంటుంది. నియమావళిలో అందుకు వీలున్నచోట, ఇల్లు కొనుక్కొన్న కొత్త యజమానిని సైతం పాత బకాయి తీర్చిన తరువాతనే కనెక్షను ఇస్తామని విద్యుత్ సంస్థ అడగవచ్చునని సుప్రీంకోర్టు 2023 మే నెలలో తీర్పు ఇచ్చింది. కొనుక్కొన్నవాని సంగతే అది అయినప్పుడు అద్దెకున్నవాని మాట చెప్పనక్కరలేదు.

కనుక తాళంచెవి చేతికి తీసుకొనే రోజున జరుగవలసినది పెద్ద పనేమీ కాదు. చివరి బిల్లు, అది చెల్లించిన రశీదు యజమాని వద్ద అడిగి చూడాలి. సర్వీసు నంబరు వ్రాసుకోవాలి. బిల్లు చెల్లించడానికి ఆ నంబరు చాలును, పేరు మనదై ఉండనక్కరలేదు. పట్టణంలో సరఫరా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. పెద్దలు ఈనాటికీ కరెంటాఫీసు అనే అంటారు. చుట్టుపక్కల పల్లెలలో ఎంతోకాలం కశింకోట కేంద్రంగా గ్రామీణ విద్యుత్ సహకార సంఘం సరఫరా చేస్తూ వచ్చినందువలన, ఊరి పొలిమేరలో ఇల్లు తీసుకొనేవారు బిల్లు మీద ఏ సంస్థ పేరున్నదో ముందే చూసుకోవడం మేలు. అన్నిటికంటె ముఖ్యమైనది, యజమాని పక్కన నిలబడి ఉండగానే మీటరులోని అంకెను చూసి, తేదీతో సహా అద్దె పత్రం మీద వ్రాయడం. ఆ అంకెకు ముందున్నది వారిది, తరువాతిది మనది.

మదరసాలో ఫిఖ్హ్ గ్రంథాల నుండి ‘ఇజారా’ అధ్యాయం, అనగా అద్దె వ్యవహారాల అధ్యాయం, బోధించేటప్పుడు ఇచ్చిపుచ్చుకొనే మొత్తం ఉభయులకూ స్పష్టంగా తెలిసి ఉండాలని, తెలియనితనం తగవుకు దారితీస్తుందని పిల్లలకు చెబుతూ ఉంటాను. ఏళ్లతరబడి ఈ పాఠానికి ఒంటె అద్దెను ఉదాహరణగా చెప్పాను. ఇప్పుడు మీటరును చెబుతున్నాను. పిల్లలకు వెంటనే అర్థమవుతున్నది.

ఆ ఇంట్లో మాకు రెండవ పాఠం బిల్లు కట్టిన తరువాత మొదలైంది. కింద యజమాని కుటుంబం, పైన మేము. సర్వీసు ఒక్కటే. మాకొక సబ్‌మీటరు పెట్టి, యూనిట్‌కు 8 రూపాయల చొప్పున ఇమ్మన్నారు. అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమలలో పనిచేసేవారు ఎందరో మన పట్టణంలో అద్దెకుంటున్నారు. వారిలో నాకు తెలిసిన చాలామంది ఈ తీరుగానే చెల్లిస్తున్నారు. నెల తిరిగేసరికి మా వాడకం నూరు యూనిట్లు, కింద వారిది కూడా నూరే.

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో గృహ వినియోగానికి పెట్టిన శ్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. స్థిర చార్జీలు, సుంకం పక్కన పెడితే నూరు యూనిట్ల ధర 304.50 రూపాయలు. రెండు ఇళ్ల వాడకం ఒకే మీటరులో కలిసి రెండు వందలైతే అది 867 రూపాయలు అవుతుంది. విడివిడిగా రెండు మీటర్లుంటే ఇద్దరికీ కలిపి 609 మాత్రమే. నేను 800 ఇచ్చాను. అనగా కిందివారు తమ నూరు యూనిట్లకు చేతి నుండి పెట్టుకొన్నది 67 రూపాయలు.

ఆయన మోసగాడు కాడు. కాగితం మీద వేసి చూపించినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, “మాస్టారూ, మీరు వచ్చాకే కదా నా యూనిట్లు ఆరు రూపాయల్లోకి పోయాయి, అందుకని ఎనిమిదన్నాను” అన్నారు. ఆ మాటలోనూ న్యాయమున్నది. మేము లేకపోతే ఆయనకు అయ్యేది 304.50. సగం పంచుకొంటే 433.50. మా రాక వలన ఆయన మీద 129 రూపాయలు అదనంగా పడుతున్నవి, మాకు కూడా అంతే. పై శ్లాబు భారమంతా పైవాటాలోని వారి మీద వేయడం ధర్మం కాదు, కిందివారిని మోయమనడం కూడా కాదు. మొత్తం బిల్లును యూనిట్ల దామాషాలో పంచుకొందామని నిర్ణయించుకొన్నాము. అసలు పరిష్కారం మాత్రం పై పోర్షనుకు విడి సర్వీసు. గుమ్మము, వంటగది స్పష్టంగా వేరుగా ఉన్నచోట దానికై దరఖాస్తు చేసుకోవచ్చును.

దరఖాస్తు యజమానే చేయాలని చాలామంది భావిస్తారు. విద్యుత్ చట్టం 43వ సెక్షను యజమాని గాని, అందులో నివసించేవారు గాని అడగవచ్చునని చెబుతున్నది. అద్దెకున్నవానికి యజమాని అభ్యంతరం లేదని పత్రం ఇవ్వనంత మాత్రాన విద్యుత్తు నిరాకరించరాదని, అతడు ఆ ఇంట నివసిస్తున్నాడా లేదా అన్నదే చూడవలసినదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో స్పష్టం చేసింది. కేంద్రం 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం కొత్త కనెక్షనుకు గడువు మహానగరాలలో 3 రోజులు, ఇతర పురపాలక ప్రాంతాలలో 7, గ్రామాలలో 15. కొత్త స్తంభాలు, తీగలు వేయవలసి వస్తే మరికొంత సమయం పడుతుంది. అయితే యజమానితో పేచీపడి సాధించిన సర్వీసు కంటె, ఆయనను వెంటబెట్టుకొని వెళ్లి ఆయన పేరిటనే తీసుకొన్నది నిలకడగా ఉంటుందని నా అభిప్రాయం.

అద్దె పత్రంలో వ్రాసుకోదగిన మాట మరొకటి ఉన్నది. అప్పుడప్పుడు బిల్లుతోపాటు అదనపు వినియోగ డిపాజిట్ కట్టమని కోరుతారు. అది వాడిన కరెంటు వెల కాదు, సర్వీసు పేరిట సంస్థ వద్ద నిలువ ఉండే పూచీ సొమ్ము. చట్టం దానికి వడ్డీ కూడా ఇవ్వమన్నది. కనుక అది యజమాని పెట్టవలసినది. అద్దెకున్నవారు కడితే ఆ నెల అద్దెలో మినహాయించుకోవాలి. దీనికి భిన్నంగా ట్రూ-అప్, ఇంధన సర్దుబాటు వంటి పద్దులు గడచిన కాలపు వినియోగానికి లెక్కగట్టి నేటి బిల్లులో కలుపుతారు. నిరుడు ఎవరో వాడినదానికి ఈనాడు మనం కట్టవలసి వస్తున్నది. ఇది నాకు సబబుగా తోచదు. ఎవరు భరించాలో ముందుగా మాట్లాడుకోవడం తప్ప ఇరుపక్షాలకూ వేరే మార్గం కనిపించదు.

ముందు గదిలో చిన్న కొట్టు పెట్టుకోదలచినవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. గృహ సర్వీసు మీద దుకాణం నడపడం 126వ సెక్షను కిందికి వస్తుంది. ఆ వాడకానికి వర్తించే ధరకు రెట్టింపు వేస్తారు. ఆ నోటీసు వచ్చేది కూడా యజమాని పేరిటనే.

పోయిన ఏడాది మేము ఆ ఇల్లు ఖాళీ చేశాము. అప్పటికి పై పోర్షనుకు విడి మీటరు వచ్చి ఉన్నది. సామాను బండికెక్కిన తరువాత యజమాని, నేను, కొత్తగా దిగుతున్న అచ్యుతాపురం కార్మికుడు ముగ్గురమూ మీటరు ముందు నిలబడ్డాము. అంకె కనబడక ఆ యువకుడు తన ఫోను వెలుగు పట్టాడు. నేను చదివాను, యజమాని వ్రాశారు. చివరి బిల్లు రశీదు ఆ అబ్బాయి చేతిలో పెట్టి బండి ఎక్కాను.