వార్తల్లో పదం: అమృత్ ధరోహర్

చిత్తడి నేలలను కాపాడుతూనే, అక్కడ ప్రకృతి పర్యాటకాన్ని పెంచి స్థానికులకు ఆదాయం చూపించాలన్న కేంద్ర పథకమిది. 2023-24 బడ్జెట్‌లో ప్రకటించి, ఆ ఏడాది జూన్ 5న మొదలుపెట్టారు. రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చేది) ఉన్న ప్రాంతాల కోసమే కాబట్టి, 2002లో ఆ గుర్తింపు పొందిన మన కొల్లేరుకూ వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్న కేంద్ర పథకాలను కలుపుకొని దీన్ని నడపాలన్నది ఆలోచన. వాటిలో సరస్సులు, చిత్తడి నేలల జాతీయ ప్రణాళిక ఒకటి. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40.

ప్రజాధనం ఫలితం చూడాలంటే కొల్లేరులోనే, కైకలూరు పక్కనున్న ఆటపాక వెళ్లాలి. నీళ్లలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకుంటాయి, పిల్లలను సాకుతాయి. జనం పడవెక్కి చూసొస్తారు.

అయితే వ్యూ టవర్లకన్నా ముందు నీటికి ఖర్చు పెట్టాలి. సరస్సులో కలిసే బుడమేరు, తమ్మిలేరు మురుగు మోసుకురాకూడదు, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడిపోకూడదు. పడవ నడిపే పని, గైడు పని లంక గ్రామాల వాళ్లకే దక్కాలి. 2006లో ప్రభుత్వం సరస్సులోని చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు ఉపాధి పోగొట్టుకున్న వాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు.