ఒక చిట్టా, ముగ్గురు గుమాస్తాలు

ఒక సంస్థ లెక్కలన్నీ ఒకే డేటాబేస్ సర్వర్‌లో ఉన్నంతకాలం ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్న సందేహం రాదు. కొట్టులో ఒకే గుమాస్తా, ఒకే చిట్టా ఉన్నట్టు, అతను రాసిన క్రమమే జరిగిన క్రమం. ఆ గుమాస్తా మంచం పడితే కొట్టు మూతపడుతుందన్న భయమే క్లస్టర్‌కు మూలం. మూడు యంత్రాలలో మూడు ప్రతులు ఉంటే, ఒకటి పడిపోయినా మిగిలిన రెండూ పని నడుపుతాయి.

ఆలోచన సబబైనదే. కాని ఈ మార్పిడి అంటే డేటాను మూడు చోట్లకు నకలు తీయడమేననుకోవడం పొరపాటు. నకలు తీయడం ఇందులో సులభమైన భాగం. ఇంతకాలం ఒక్క యంత్రం అడగకుండానే ఇచ్చిన క్రమాన్ని ఇకమీదట మూడు యంత్రాలు సంప్రదించుకుని నిర్ణయించుకోవాలి. పాత క్రమాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ఇబ్బంది పడేది ఇక్కడే. ఒక మరియాడీబీ సర్వర్‌ను గలేరా క్లస్టర్‌లోకి మార్చే సందర్భం తీసుకుంటే ఈ సంగతి తేటపడుతుంది.

తాళం ఒక గదిదే

ఒంటరి సర్వర్‌లో ఇద్దరు ఒకే నమోదును ఒకేసారి మార్చబోతే, మొదటివారు దానికి తాళం వేస్తారు, రెండవవారు వేచి ఉంటారు. గలేరాలో ఆ తాళం ఒక నోడ్ గడప దాటదు. రెండు నోడ్‌లలో ఇద్దరూ నిరాటంకంగా తమ మార్పులు చేసుకుపోతారు. కమిట్ చేసే వేళ ఆ మార్పుల మూట అన్ని నోడ్‌లకూ వెళ్ళి, అన్నిచోట్లా ఒకే క్రమసంఖ్య పొందుతుంది. ముందు సంఖ్య పొందిన లావాదేవీ నిలుస్తుంది. దానితో ఢీకొన్నది 1213 అనే డెడ్‌లాక్ ఎర్రర్‌తో వెనుదిరుగుతుంది. డేటాబేస్ తన వంతు సక్రమంగానే చేసింది. కాని ఆ ఎర్రర్‌ను ఎన్నడూ ఎదుర్కోని ప్రోగ్రాము దాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగితే, కొనుగోలుదారుడి ఆర్డరు మాయమవుతుంది. అందుకే మళ్ళీ ప్రయత్నించే ఏర్పాటు ప్రోగ్రాములో ముందే ఉండాలి. తొలి రోజులలో మార్పులన్నిటినీ ఒకే నోడ్‌కు పంపడం మరింత క్షేమం.

ఇటువంటి పాత నమ్మకాలు మరికొన్ని ఉన్నాయి. మూడు నోడ్‌ల క్లస్టర్‌లో ఆటో ఇంక్రిమెంట్ సంఖ్యలను ఒక నోడ్ 1, 4, 7 అని, మరొకటి 2, 5, 8 అని ఇస్తుంది. బిల్లు నంబర్లు వరుసగా వస్తాయని నమ్మిన లెక్కల విభాగం కంగారు పడుతుంది. ప్రతి పట్టికా ఇన్నోడీబీలో ఉండాలి, ప్రతి పట్టికకూ ప్రైమరీ కీ ఉండాలి. ఒక నోడ్‌లో రాసి మరుక్షణం మరొక నోడ్‌లో చదివితే పాత విలువే కనిపించవచ్చు. చదివేముందు మార్పులన్నీ అందేదాకా ఆగమనే అమరిక ఉంది, కాని ఆ నిరీక్షణకు వేగం రూపంలో మూల్యం చెల్లించాలి.

సగానికి మించిన బలం

మూడు నోడ్‌లలో ఒకటి విడిపోతే, మిగిలిన రెండూ మెజారిటీ కనుక పని సాగిస్తాయి. ఒంటరైన నోడ్ ఆరోగ్యంగానే ఉన్నా ప్రశ్నలకు జవాబివ్వదు. తప్పు లెక్క రాయడం కన్నా చిట్టా మూయడం మేలన్నది ఇక్కడి నియమం. రెండే నోడ్‌లు ఉంటే, వాటి మధ్య సంబంధం తెగినప్పుడు ఏ పక్షానికీ సగానికి మించిన బలం ఉండదు, రెండూ ఆగిపోతాయి. అందుకే కనీసం మూడు కావాలి. మూడవ యంత్రానికి స్థోమత లేనివారు, డేటా దాచకుండా ఓటు మాత్రమే వేసే ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోవచ్చు.

నాయకుడిని మెజారిటీ ఎన్నుకున్నంత మాత్రాన డేటా క్షేమమని కూడా చెప్పలేము. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్‌లో జరిగినది ఇందుకు నిదర్శనం. అక్కడిది గలేరా కాదు, ఒక ప్రధాన మైఎస్‌క్యూఎల్ సర్వర్‌నూ దానిని అనుసరించే ప్రతులనూ ఆర్కెస్ట్రేటర్ అనే సాధనం నిర్వహించే పద్ధతి. పాడవుతున్న ఆప్టికల్ పరికరాన్ని మారుస్తుండగా, అమెరికా తూర్పు తీరంలోని డేటా సెంటర్‌కు 43 సెకన్లపాటు సంబంధం తెగింది. ఆర్కెస్ట్రేటర్ నియమం ప్రకారమే పశ్చిమ తీరంలో కొత్త నాయకులను నిలబెట్టింది. తూర్పున చివరి క్షణాల్లో రాసిన మార్పులు మాత్రం అప్పటికి పశ్చిమానికి చేరలేదు. సంబంధం తిరిగి కలిసేసరికి పశ్చిమంలో కొత్త మార్పులు మొదలయ్యాయి. ఒక చిట్టాలో ఉన్నది మరొక దానిలో లేదు. బాగా రద్దీ ఉన్న ఒక క్లస్టర్‌లో అలా చిక్కుకున్న మార్పులు 954. సంస్థ వేగం కన్నా డేటా సమగ్రతకే ప్రాధాన్యమిచ్చి, బ్యాకప్‌ల నుంచి ప్రతులను పునరుద్ధరించింది. సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

దారి, తిరుగుదారి

ఇక మార్పిడి క్రమం. పాత సర్వర్ నుంచి ఒకే క్షణానికి చెందిన డంప్ తీసి, క్లస్టర్‌లోని మొదటి నోడ్‌లో నింపాలి. ఆ క్షణంలో బైనరీ లాగ్ ఏ స్థానంలో ఉందో గుర్తుపెట్టుకుంటే, అక్కడినుంచి ఆ నోడ్ పాత సర్వర్‌ను అనుసరించగలదు. తరువాత చేరే నోడ్‌లు మొదటి నోడ్ నుంచి పూర్తి ప్రతిని అందుకుంటాయి. మార్పు ముహూర్తాన పాత సర్వర్‌ను చదవడానికే పరిమితం చేసి, ఆఖరి మార్పు చేరేదాకా ఆగి, ప్రోగ్రాములను క్లస్టర్ వైపు మళ్ళించాలి. అంతరాయం నిమిషాలతో సరిపోతుంది.

చాలామంది తిరుగుదారిని మరచిపోతారు. మార్పిడి తరువాత పాత సర్వర్ క్లస్టర్‌ను అనుసరించేలా ఏర్పాటు చేస్తే, మూడోనాడు లోపం బయటపడినా వెనక్కు రావచ్చు. ఆ ఏర్పాటు లేకపోతే వెనక్కు రావడమంటే ఆ మూడు రోజుల ఆర్డర్లను వదులుకోవడమే.

క్లస్టర్ బ్యాకప్‌కు బదులు కాజాలదు. షరతు మరచి ఇచ్చిన ఒక డిలీట్ ఆదేశాన్ని మూడు నోడ్‌లూ ఏకగ్రీవంగా, అంతే విధేయంగా అమలు చేస్తాయి.

పాత సర్వర్‌ను సెలవుపై పంపే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. హైదరాబాదులోని బృందమూ, అమెరికాలోని బృందమూ మేలుకొని ఉండే వేళ చూసుకుని, ఒక నోడ్ నెట్‌వర్క్ తీగను చేతులారా ఊడదీయాలి. ఏ ప్రోగ్రాము తడబడిందో, ఏ ఎర్రర్ ఎవరికీ కనబడకుండా పోయిందో అప్పుడే తెలుస్తుంది. లేకపోతే అదే తీగ ఏ అర్ధరాత్రో తనంతట తాను ఊడుతుంది, అప్పుడు మేలుకొని ఉండేది ఒక్కరే.