లారీ ఊపిరి ఎక్కడ బిగుస్తోంది?

మే నెల వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కోతలు జోరందుకుంటాయి. బంగినపల్లి, పెద్దరసం, చిన్నరసం, కలెక్టరు, అన్నీ లారీలెక్కుతాయి. కొంత కాయ నున్న మార్కెట్టుకు పోతుంది, కొంత నేరుగా ఉత్తరాది దారి పడుతుంది. కోసిన కాయ ఎవరికోసమూ ఆగదు. అందుకే ఈ కోతల కాలమంతా లారీ యజమానుల మాటలన్నీ లాగుడు చుట్టూ, మైలేజీ చుట్టూ తిరుగుతాయి. ఉంగుటూరు మండలంలో తేలప్రోలు మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన, టీ కొట్టు దగ్గర ఆగిన బండ్ల మధ్య కాసేపు నిలబడితే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేయడం ఖాయం: "ఇంజను కంపెనీదే, లోపల ఏమీ ముట్టుకోలేదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఒక్కటి పెద్దది వేయిస్తే బండి ఇంకా లాగుతుందా?"

ముందు మ్యానిఫోల్డ్ చేసే పనేమిటో చూద్దాం. కాలవ కింద వ్యవసాయం చేసే ఊళ్లకు దీన్ని వివరించడం తేలిక. పెద్ద కాలవ నుంచి నీరు బోదెల్లోకి మళ్లి, బోదెల నుంచి మడులకు చేరుతుంది. ఎయిర్ ఫిల్టరు దాటి వచ్చిన గాలిని సిలిండర్లకు పంచే బోదెల వ్యవస్థే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్. శివారు మడికి నీరు అందకపోతే పంట ఎలా దెబ్బతింటుందో, చివరి సిలిండరుకు గాలి తగ్గితే ఇంజను అలాగే దెబ్బతింటుంది. మంచి మ్యానిఫోల్డ్‌కు మొదటి పరీక్ష ఇదే: ఒకటో సిలిండరుకూ ఆరో సిలిండరుకూ సమానంగా పంచుతోందా?

ఆ గాలి కూడా తక్కువేం కాదు. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలడానికి కనీసం పదివేల లీటర్ల గాలి కావాలి. మన లారీల్లో పేరున్న కమ్మిన్స్ ఆరు సిలిండర్ల ఇంజను పరిమాణం 5.9 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఆ 5.9 లీటర్లూ నిండాలి. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర, టర్బో లేదనుకున్నా, నిమిషానికి దాదాపు 5,900 లీటర్లు పీలుస్తుంది. పిస్టను ఒక గుక్క తీసుకోవడానికి దొరికే సమయం సెకనులో వెయ్యింట 15 వంతులే.

ఈ గాలి ఒకే ధారగా పారదు, తెరలు తెరలుగా కదులుతుంది. పిస్టను కిందికి దిగగానే గొట్టంలో పీడనం పడిపోతుంది. ఆ తగ్గుదల ధ్వని వేగంతో గొట్టం అవతలి కొసకు పరిగెత్తి, అక్కడ తలకిందులై, ఒత్తిడి తెరగా వెనక్కి వస్తుంది. అది వాల్వు మూసుకునే ముందు చేరితే మరికొంత గాలిని సిలిండరులోకి తోస్తుంది. మూసుకున్నాక చేరితే శ్రమ వృథా. అందుకే గొట్టం పొడవుకూ ఇంజను వేగానికీ లంకె ఉంది.

లంకె ఏపాటిదో ఒక స్థూలమైన లెక్క చెబుతుంది. 40 డిగ్రీల ఎండలో ధ్వని సెకనుకు సుమారు 355 మీటర్లు పోతుంది. ఆ తెర వెళ్లి రావడానికి క్రాంకు 120 డిగ్రీలు తిరిగేంత గడువుందనుకుందాం. 6,000 చుట్ల దగ్గర అందుకు సరిపోయే గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు. కారుకు ఇది కుదురుతుంది. లారీ లోడుతో లాగే 1,500 చుట్ల దగ్గర అదే లెక్క వేస్తే ఏకంగా 2.4 మీటర్లు వస్తుంది. ఆరు సిలిండర్లకు ఆరు గొట్టాలు, ఒక్కోటి మనిషిని మించిన పొడవు! బానెట్ కింద ఎక్కడ పెడతాం?

పొడవాటి గొట్టాలు తక్కువ వేగంలో లాగుడుకూ, పొట్టివి ఎక్కువ వేగంలో పరుగుకూ పనికొస్తాయన్నది మాత్రం నిజం. 1960లో అమెరికాలో క్రైస్లర్ 300ఎఫ్ కారుకు 30 అంగుళాల గొట్టాలు పెట్టారు. అదే కారుకు పరుగు పందెం కోసం మరో రకం చేశారు. బయటి రూపం మార్చకుండా లోపలి గోడను కోసేసి, గొట్టం పని చేసే పొడవును 15 అంగుళాలకు కుదించారు. చూడ్డానికి రెండూ ఒకటే, నడకలో తేడా వేరు. మ్యానిఫోల్డ్‌ను పైరూపం చూసి ఎంచుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు "ఏ మ్యానిఫోల్డ్ వేయాలి?" అన్న ప్రశ్న అమెరికా పెట్రోలు పికప్ ట్రక్కులకైతే బాగా వర్తిస్తుంది. కార్బురేటరు ఉన్న ఎనిమిది సిలిండర్ల ఇంజనులో మ్యానిఫోల్డ్ గాలితో పాటు పెట్రోలు తుంపరనూ మోయాలి. దారి మరీ వెడల్పయితే గాలి మందగించి, పెట్రోలు గోడలకు అంటుకుపోతుంది. అందుకే కంపెనీ ఇంజనుతో బరువులు లాగే బండికి అక్కడి మెకానిక్కులు డ్యూయల్ ప్లేన్ రకాన్ని మెచ్చుకుంటారు. అందులో సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు జట్లవుతాయి. ఒక్కో జట్టు గుక్కల మధ్య సమాన ఎడం ఉంటుంది కాబట్టి ఒకరి గాలిని మరొకరు లాక్కోరు. తక్కువ వేగంలోనూ మిశ్రమం చురుగ్గా కదులుతుంది. అన్ని సిలిండర్లకూ ఒకే గది ఉండే సింగిల్ ప్లేన్ రకం అధిక వేగాల రేసు బండికే లాభం.

మన లారీ డీజిలుది. దాని మ్యానిఫోల్డ్‌లో పారేది గాలి మాత్రమే. ఇంధనాన్ని నాజిల్ నేరుగా సిలిండరులో చల్లుతుంది. పైగా ఆ తెరల తమాషాతో చేయించాల్సిన పనిని టర్బో బలంగా చేసేస్తోంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుచి 1905లో పేటెంటు పొందిన ఉపాయమది. బయటికి పోయే వేడి పొగతో చక్రం తిప్పించి, లోపలికి గాలిని బలవంతంగా కూరడం. గాలిని వెనక నుంచి తోసేవాడున్నప్పుడు బోదె వంపుల ప్రభావం చాలావరకు తగ్గిపోతుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజనుకు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విడిగా ఉండదు. సిలిండరు హెడ్డుతోనే కలిపి పోత పోస్తారు, పైన ఒక మూత బిగిస్తారు. మార్చడానికి మూత తప్ప మరేమీ లేదు. "అయితే పోర్టులు గీకించి వెడల్పు చేయిస్తా" అనుకునేవారూ ఉన్నారు. అదింకా ప్రమాదం. గాలి సుడి తిరుగుతూ సిలిండరులోకి దిగి డీజిలుతో బాగా కలవాలని చాలా డీజిలు ఇంజన్లలో ఆ దారిని మెలితిప్పినట్టు మలుస్తారు. గీకితే సుడి చెదురుతుంది, పొగ పెరుగుతుంది.

మరి లాగుడు ఎక్కడ పోతోంది? మొదటి దొంగ వేడి. 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.22 కిలోలు తూగితే, 45 డిగ్రీల ఎండలో 1.11 కిలోలే తూగుతుంది. అంటే తొమ్మిది శాతం తరుగు. టర్బో పీడనాన్ని రెట్టింపు చేస్తే గాలి మరింత కాగి 130 డిగ్రీలు దాటిపోతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ 60 డిగ్రీలకు దించగలిగితే అదే జాగాలో దాదాపు ఐదో వంతు గాలి అదనంగా పడుతుంది. ఇంటర్‌కూలర్ రెక్కల్లో పురుగులూ మట్టీ పేరుకుంటే ఈ లాభమంతా ఆవిరే.

రెండో దొంగ దుమ్ము. తోటల మట్టి బాటల్లో ముందు బండి లేపిన దుమ్మంతా వెనక బండి ఫిల్టరులోకే పోతుంది. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గుతుంది, డీజిలు మాత్రం తగ్గదు, అందుకే నల్ల పొగ. చాలా బండ్లకు ఫిల్టరు దగ్గర సూచిక ఉంటుంది, అది ఎర్రబడితే ఫిల్టరు పని అయిపోయినట్టే. కంప్రెసరు గాలిని పెద్ద ఒత్తిడితో కొట్టి పదేపదే దులిపితే కాగితం చిరిగి, దుమ్ముకు దారి ఇచ్చినట్టవుతుంది.

మూడో దొంగ కీళ్లు. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. వేలికి దుమ్ము అంటితే ఎక్కడో సందు ఉంది. ఆ దుమ్మే టర్బో రెక్కలనూ, రింగులనూ, బోరునూ అరగదీస్తుంది. టర్బో తర్వాతి హోసుల పరీక్ష పంక్చరు షాపు పద్ధతే: ఇంజను ఆపి, టర్బో ముందు మూతి మూసి, కొద్ది ఒత్తిడితో గాలి ఎక్కించి, క్లిప్పుల మీదా గ్యాస్కెట్ మీదా సబ్బునీళ్లు పోయాలి. బుడగ లేచిన చోటే మీ లాగుడు పోతోంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో మరింత జాగ్రత్త కావాలి. మ్యానిఫోల్డ్‌లోని పీడనం, ఉష్ణోగ్రతలను సెన్సర్లు కొలిచి చెబితేనే కంప్యూటరు డీజిలు ఎంత చల్లాలో తేలుస్తుంది. ఆ గది కొలతలు మారిస్తే లెక్క తప్పుతుంది. పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ ఉన్న బండ్లలో మసి, నూనె ఆవిరి కలిసి మ్యానిఫోల్డ్ గోడలకు జిగటగా పట్టుకుంటాయి. అక్కడ కావలసింది కొత్త మ్యానిఫోల్డ్ కాదు, ఉన్నదాన్ని విప్పి శుభ్రం చేయడం. తయారీదారు నిర్ణయించిన అమరికకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తోందనీ మరవొద్దు.

కాబట్టి ఇంజను కంపెనీదైతే మ్యానిఫోల్డూ కంపెనీదే ఉండనివ్వండి. పగిలినా, వంగినా అదే నంబరుది తెచ్చి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి. పెద్దదాని కోసం దాచిన డబ్బులో కొంత మంచి ఫిల్టరుకూ, హోసులకూ, ఇంటర్‌కూలర్ కడిగించడానికీ పెట్టండి. అది కూడా కాయ కోతకు రాకముందే, మార్చిలోనే ఒక పూట బండి ఆపి చేయించండి. మేలో లోడు మీద ఉండగా ఆపితే నష్టపోయేది లారీ కిరాయి ఒక్కటే కాదు, వెనక ఉన్న కాయ కూడా.