పేడలో జొన్నలు

తెల్లవారింది. కోడలు పాకలో పేడ ఎత్తుతోంది. పేడలో తెల్లగా ఏవో కనిపించాయి. పుల్లతో కదిపి చూసింది. జొన్నలు! నిన్న గేదెకు పెట్టినవే. పెట్టినవి పెట్టినట్టే బయటికొచ్చాయి.

"అత్తా, ఇటు చూడు. మన డబ్బులు పేడలో పోతున్నాయి" అంది.

ఎందుకిలా అయింది? గేదె, ఆవు మేతను గబగబా మింగుతాయి. తర్వాత తీరిగ్గా నెమరు వేస్తాయి. వాటి పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. మొదటిది చాలా పెద్దది. పెద్ద పశువుకైతే అందులో వంద లీటర్లకు పైగా పడుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు అందులో కోట్ల కొద్దీ ఉంటాయి. మేతను పులియబెట్టి అరిగించేవి అవే. గడ్డి మళ్లీ నోటికి వస్తుంది. జొన్నగింజ చిన్నది, అడుక్కి జారిపోతుంది. పైన గట్టి పొర ఉంటుంది. అది పగలకపోతే లోపలి పిండి సూక్ష్మజీవులకు అందదు.

కాబట్టి గింజను పగలగొట్టి పెట్టాలి. ఒక్కో గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు.

"అయితే మెత్తగా పిండి చేద్దాం" అంది కోడలు.

"వద్దే తల్లీ" అంది అత్త. ఆమెకు పాత సంగతి గుర్తొచ్చింది. పెళ్లింట్లో అన్నం మిగిలింది. పారెయ్యడమెందుకని గంపెడు గేదె ముందు పెట్టారు. సాయంత్రానికి నెమరు ఆగింది. పొట్ట ఉబ్బింది. పేడ నీళ్లలా, పుల్లటి వాసనతో పడింది. మూడోనాటికి గేదె చచ్చిపోయింది. దాని అప్పు ఇంకా తీరనేలేదు. దిష్టి తగిలిందన్నారు అందరూ. దిష్టి కాదు, అన్నం. అన్నమైనా, మెత్తటి పిండైనా ఎక్కువ పెడితే పొట్టలో ఒక్కసారిగా పులుస్తుంది. ఆ పులుపుకు మంచి సూక్ష్మజీవులు చస్తాయి. పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. ఇలాంటప్పుడు నాటుమందులతో పొద్దు గడపకూడదు. వెంటనే పశువుల డాక్టరును పిలవాలి.

అమెరికాలో మాంసం కోసం పెంచే పశువులకు మొక్కజొన్నను ఆవిరిలో మెత్తబరిచి, అటుకుల్లా నొక్కి పెడతారు. మన రైతులు ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టేవారు. ఆ ఉడికిన నీళ్లే ఇంట్లో ఉలవచారయ్యాయి!

పాలిచ్చే గేదెకు రోజుకు కిలో, కిలోన్నర దాణా కావాలి. ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకో కిలో. దాణా అంటే గింజలొక్కటే కాదు. నూకలో తవుడు, చెక్క, కాస్త ఉప్పు కలపాలి. ముందు గడ్డి వెయ్యాలి, తర్వాత దాణా పెట్టాలి. కొత్త దాణాను పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాలి.

ఆ పూటే కోడలు జొన్నలు మరకు పట్టుకెళ్లింది. "బరకగా ఆడు అన్నా" అని రెండుసార్లు చెప్పింది.