సభాప్రతినిధులకుఁ బ్రవేశముద్రయు నభయపత్రమును

అన్యదేశమునకు సభార్థమై పోవు పండితునకు రెండు ప్రశ్న లెదురగును. ఆ దేశపు సరిహద్దు దాఁటనిత్తురా యనునది మొదటిది. దాఁటిన పిదప సభలోఁ దన మాట చెప్పి మరల నిల్లు చేరనిత్తురా యనునది రెండవది. నేఁడు వీసా యనఁబడు ప్రవేశానుమతి మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము. రెండవదానికిఁ బూర్వము యూరపుఖండమున నభయపత్రమను వేఱొక సాధన ముండెను. ఈ రెండును నొక్కటియే యని నమ్మి చెడినవారు చరిత్రలోఁ గలరు.

ప్రవేశానుమతియొక్క స్వరూపము మనవారికిఁ గ్రొత్త గాదు. 1909లో శ్యామశాస్త్రిగారు మైసూరునఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, రెండవ యధికరణమున, ముద్రాధ్యక్షుని ప్రకరణ మున్నది. ఇతఁడు మాషకము, అనఁగాఁ బణములోఁ బదునాఱవపాలు, గైకొని ముద్ర నొసఁగవలెను. ముద్ర గలవాఁడే జనపదమునఁ బ్రవేశించుటకుఁ గాని వెడలుటకుఁ గాని యర్హుఁడు. ముద్రలేని స్వదేశీయునకు 12 పణముల దండము. కూటముద్రఁ జూపినచో స్వదేశీయునకుఁ బూర్వసాహసదండము, పరదేశీయునకు నుత్తమసాహసదండము. బీడుభూములపై నధికారియగు వివీతాధ్యక్షుఁడు దారిలో ముద్రలఁ బరీక్షించును. నేఁటి వీసారుసుములు చెల్లించినవారి కా మాషకము ముచ్చట గొల్పకపోదు. అయిన నీ ముద్రకు రాకపోకలతోనే పని. వచ్చినవాఁ డేమి పలుకునో, పలికినందుల కతని కేమి కలుగునో యను చింత యిందు లేదు.

సభకు వచ్చువాని కీ చింతయే ప్రధానమని యాన్ హుస్ వృత్తాంతము తెలుపుచున్నది. ఇతఁడు బొహీమియా దేశీయుఁడు. ప్రాగు విశ్వవిద్యాలయమున నాచార్యుఁడు, మతప్రవక్త. చర్చిలోని దోషములఁ జూపినందున బహిష్కృతుఁడై యుండెను. 1414లోఁ గాన్‌స్టాన్సు నగరమున మహాసభ కూడినపు డతనిని రమ్మని కబురు వచ్చెను. సిగిస్మండురాజు తాను రక్షణపత్ర మిచ్చెద ననెను. ఆ పత్రమునకై వేచియుండక హుస్ అక్టోబరు 11వ తేదిని బయలుదేఱెను. పత్రము 18వ తేదిని స్పెయరునగరమున వ్రాయఁబడెను. అతఁడు నవంబరు 3వ తేదికే గమ్యము చేరెను. ఇతనిని నిరాటంకముగాఁ బోనిండు, నిలువనిండు, మరలి రానిండు, సుంకము గొనకుండు అని యా పత్రమున నధికారుల కాజ్ఞ యున్నది. హుస్ నవంబరు 28వ తేదినిఁ జెఱ పట్టఁబడెను. 1415 జులై 6వ తేదిని సజీవముగా దహింపఁబడెను.

ఆ పత్రము దారిబత్తెమువంటిదే కాని న్యాయస్థానపు తీర్పునుండి కాపాడునది కాదని కొందఱు చరిత్రకారులు సమాధానము చెప్పిరి. ఈ సమాధానము నిలువదు. సభ యతని వాదము విని తీర్పు చెప్పుటకుఁ బెక్కునెలలు ముందుగనే యతఁడు చెఱలోఁ బడెను. మరలి వచ్చుటయు నా పత్రమున స్పష్టముగాఁ జెప్పఁబడినదే. అసలు లోపము వేఱొకచోట నున్నది. పత్రముపై నున్నది రాజుయొక్క ముద్ర; తీర్పరులైనవారు సభ్యులు. రాజాజ్ఞ దారిలోని సుంకరులను గట్టివేసెను గాని సభాసదులను గట్టలేదు. ఏ రాజిచ్చిన యభయపత్రమైనను మతవిచారణకు నడ్డు గాదని సభవారు 1415 సెప్టెంబరులో శాసనమే చేసిరి.

బొహీమియనులు దీనిని మఱవలేదు. హుస్ మరణానంతరము పెక్కేండ్లు యుద్ధములు నడచెను. వారిపై నడచిన దండయాత్రలు విఫలమైన పిదప బాజెల్ నగరపు మహాసభ వారి నాహ్వానించెను. ఈ సారి వా రాహ్వానపత్రమునే నమ్మి పోలేదు. 1432 మే నెలలో ఖెబ్ పట్టణమున నిరుపక్షములవారును గూడి నియమములను వ్రాసికొనిరి. తమ వాదమును సంపూర్ణముగా, స్వేచ్ఛగా వినవలెననునది మొదటి నియమము. వాద మే ప్రమాణములఁబట్టి నిర్ణయింపఁబడవలెనో యదియు ముందే నిశ్చయింపఁబడెను. అభయపత్రమును సభయే తన పేర నొసఁగెను. 1433 జనవరిలోఁ బ్రోకోపు, రోకిత్సానా మొదలగు ప్రతినిధులు బాజెల్ చేరి, తమ నాలుగు సూత్రములను సభలో సమర్థించి, ఏప్రిలులో సురక్షితముగా మరలిరి. వివాద మచటఁ దీఱలేదు; 1436లోఁ గాని యొడంబడిక కుదురలేదు. అయినను వెళ్లినవారు మరలి వచ్చిరి.

నేఁటి సభాప్రతినిధికి సాధారణముగా నింత భయము లేదు. ఆహ్వానపత్రము, పాసుపోర్టు, ఆయా దేశమునకుఁ దగిన వీసా యుండిన నతని పని నెఱవేఱును. భారతదేశమున సభలకు వచ్చు విదేశీయులకుఁ బ్రత్యేకమగు వీసాతరగతియే కలదు. 1981లోఁ గౌలాలంపూరునను, 1990లో మారిషసునందును జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలవలనఁ దెలుగువారికిని సముద్రముల దాఁటి సభకుఁ బోవుట యనుభవములోని విషయమే.

చిక్కెల్లను ఆతిథ్యమిచ్చు దేశ మొకటియు, సభ నడపు సంస్థ వేఱొకటియు నైనచోటఁ బుట్టును. ఐక్యరాజ్యసమితి ప్రధానస్థానమునుగూర్చి యమెరికా 1947 జూన్ 26వ తేదిని జేసికొన్న యొడంబడికలో దీనికిఁ బ్రతిక్రియ యున్నది. ప్రతినిధుల రాకపోకలకును, సమితి పిలిచిన యితరుల రాకపోకలకును ఆటంకము గూడదు. ప్రభుత్వములనడుమ మైత్రి యున్నను లేకున్నను నీ నియమము చెల్లును. కావలసిన వీసాలను రుసుము లేకయే శీఘ్రముగా నీయవలెను. ఇంత వ్రాసికొన్నను 1988 నవంబరులో యాసిర్ అరాఫతునకు వీసా నిరాకరింపఁబడెను. రక్షణ తమ హక్కని యమెరికా యనెను; ఒడంబడిక భంగమైనదని సమితి యనెను. సర్వసభ్యసభ 154 వోట్లతో తీర్మానించి జెనీవాకుఁ దరలిపోయెను; అరాఫతు డిసెంబరు 13వ తేదిని నచట మాటాడెను.

2025లో మహమూద్ అబ్బాసునకును వీసా లేకపోయెను. ఈ సారి సభ కదలలేదు. అతఁడు వీడియోద్వారా మాటాడుట కనుమతించుచుఁ దీర్మానము చేసి, యా సెప్టెంబరునందే యతని ప్రసంగమును న్యూయార్కు సభామందిరమున వినెను.